తీగకు కట్టిన ముడుపు

అరవై ఏడు ఎండాకాలంలో తార్నాకలో దిగాం. ఇంజనీర్ల పటాలంలో పన్నెండు మందిమి. విశ్వవిద్యాలయం గోడ అవతల, వాగు ఒడ్డున మూడు గుడారాలు. వాగు మీద కొత్తగా కట్టిన రైలు వంతెనకు బరువు పరీక్ష చేయడం మా డ్యూటీ.

దూలం నడుమ నుంచి సన్నటి ఇనుప తీగ వేలాడుతుంది. కొసన సీసపు గుండు, దానికొక ముల్లు. పక్కన పాతిన చెక్క మీద, ఇంజన్లు రాకముందు ముల్లు ఉన్నచోట పెన్సిలు గీత. ఇంజన్లు ఎక్కితే దూలం వంగి ముల్లు కిందికి జారుతుంది. అవి వెళ్లిపోగానే గీత దగ్గరికి తిరిగి రావాలి. రాకపోతే వంతెన పనికిరాదు.

రివెట్లన్నీ దగ్గరుండి కొట్టించింది మా హవల్దార్. ఆయన రిటైర్మెంటుకు రెండు నెలలుంది. వంతెన పరీక్షలో తప్పితే మచ్చతో ఇంటికి పోవాలి.

నేను భజన మండలిలో, పురాణం వింటూ పెరిగినవాణ్ణి. పొద్దున ఏడింటికి మెట్టుగూడ వైపు నుంచి రెండు ఇంజన్లు వచ్చి వంతెన మీద నిలబడ్డాయి. కింద కాపలా నాది. నిచ్చెన ఎక్కి, పసుపు గుడ్డలో కొబ్బరికాయ చుట్టి, హవల్దార్ పేరు చెప్పి మొక్కుకుని, తీగకే కట్టాను.

ఎనిమిదింటికి ఇంజన్లు వెళ్లిపోయాయి. ముల్లు గీతకు అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, కిందే ఆగింది.

"ఏందిరా, కిందనే ఉన్నది?" అన్నాడు హవల్దార్. ముఖం పాలిపోయింది.

టెలిఫోన్‌లో వంతెన మీద నుంచి మా కెప్టెన్ గొంతు: "రీడింగ్ చెప్పండి."

అప్పుడు వెలిగింది నాకు. ఫోన్ అందుకున్నాను. "సార్, తీగకు నేను ముడుపు కట్టిన. గా బరువుకు తీగ సాగింది."

"నా కోసం మొక్కి నా కొంపనే ముంచినవ్ గదరా," అన్నాడు హవల్దార్.

కెప్టెన్ కిందికి వచ్చాడు. గోదావరి మనిషి. "విప్పెయ్."

"మొక్కు తీరకముందు విప్పొద్దు సార్."

"విప్పితేగానీ తీరదు కదయ్యా."

నేను కదల్లేదు. హుకుం మీరితే శిక్ష ఏమిటో తెలుసు. ఆయన కాసేపు ముడుపు వంక చూసి, రాయి మీద కూర్చుని బూట్లు విప్పాడు. నిచ్చెనెక్కి, ముడి విప్పకుండా, కాయ కింద అరచేయి పెట్టి పైకెత్తాడు.

ముల్లు లేచింది. గీత మీద ఆగింది.

"సరిపోయింది సార్," అని హవల్దార్ ఇసుకలో చతికిలబడ్డాడు. "ఇగ విప్పురా, నీ మొక్కు తీరింది."

ముడుపు విప్పాక ఇంజన్లను మళ్లీ నడిపించారు. ముల్లు మళ్లీ గీత మీదికే వచ్చింది. దేవుడు నా చేత నిజం చెప్పించాకే వరమిచ్చాడని నా నమ్మకం.

నెల తర్వాత సెలవు మీద ఇంటికి వెళ్లి ఆ కొబ్బరికాయ కొట్టాను. ఇన్నేళ్లయినా కళ్లు మూసుకుంటే ఒకటే కనిపిస్తుంది: నిచ్చెన మీద వట్టి కాళ్లతో ఒక అధికారి, ఆయన అరచేతిలో పసుపు మూట.