తప్పు చూపించు నాయనా!

మొన్న మార్కాపురంలో ఫ్యాక్టరీ బట్టల దుకాణంలోకి అడుగుపెట్టగానే కొత్త గుడ్డ వాసన గుప్పుమంది. నాకు తెలియకుండానే ఒక చొక్కా తీసి తిరగేశాను. "ఏం వెతుకుతున్నావు?" అన్నారు మావారు. రమణమ్మత్త గుర్తొచ్చింది.

రమణమ్మత్త మా పక్కింటావిడ. వాళ్లది కిరాణా కొట్టు. మాకు చుట్టరికం లేదు. అయినా మా అమ్మ పోయాక నాకు జడ వేసిందీ, వంట నేర్పిందీ, నాలుగు తిట్టిందీ ఆవిడే. బేరమంటే ఆవిడకు పండగ. ఫ్యాక్టరీ దుకాణానికి కొత్త సరుకు వచ్చిందని తెలిస్తే చాలు, ఉడికీ ఉడకని పప్పు దించేసి నన్ను లాక్కుపోయేది. అక్కడివన్నీ ఏదో ఒక లోపం ఉందని ఫ్యాక్టరీవాళ్లు పక్కన పెట్టినవే. అందరూ రంగులు చూసి ఎగబడుతుంటే, అత్త మాత్రం బట్టను గుమ్మం దగ్గరి ఎండలోకి తెచ్చి, లోపలివైపు తిప్పి, ప్రతి కుట్టూ తడిమేది. లోపం దొరికితే మొహం వెలిగిపోయేది. దొరక్కపోతే ఎంత చవకైనా అక్కడే పడేసేది.

"బాగుంది కదత్తా, ఎందుకొద్దు?" అని ఒకసారి ఒక చుడీదార్ పట్టుకుని గింజుకున్నాను.

"బాగుంటే ఈడికెందుకొచ్చిందే పిచ్చిదానా? కనపడే తప్పయితే కుట్టుకుంటాం, లేదా సర్దుకుంటాం. కనపడని తప్పుతో ఏం జేస్తాం?"

మొండికేసి ఆ చుడీదార్ కొన్నాను. మొదటి ఉతుకుకే బకెట్టు నిండా రంగు. అత్త నవ్విన నవ్వు వీధంతా వినపడింది.

నాకు గిద్దలూరు నుంచి సంబంధం వచ్చినప్పుడు మా నాయన పొంగిపోయాడు. ఉద్యోగం, పొలం, మంచి రూపం. నాకేమో ఒకటే సందేహం. కాఫీ తాగేంతసేపు చూసి జీవితమంతా ఎలా తేల్చుకోను? పెళ్లిచూపుల రోజు అత్త తిన్నగా వచ్చి అబ్బాయి ఎదురుగా చతికిలబడింది.

"అన్నీ మంచే చెప్పినారు. నీలో తప్పేందో కూడా చెప్పు నాయనా."

"ఏందక్కా, ఇదేమన్నా బట్టల దుకాణమా?" అన్నాడు మా నాయన, సిగ్గుతో చచ్చిపోతూ.

"మావాడికేం తప్పుంటాదమ్మా!" అని అబ్బాయి తల్లి లేవబోయింది. అబ్బాయి మాత్రం తల దించుకుని, "నాకు ఎడమ చెవి వినపడదు. చెప్పొద్దన్నారు," అన్నాడు.

నాయన మొహం మాడిపోయింది. అత్త నా పక్కకు వచ్చి మెల్లగా అంది: "తప్పు కనపడింది. సర్దుకుంటావో లేదో నువ్వే తేల్చుకోవాల. నేను చెప్పను."

నేను లేచి అబ్బాయికి కుడివైపున నిలబడ్డాను. "కాఫీలో చక్కెర సరిపోయిందా?" అని అడిగాను.

అత్త ఇప్పుడు లేదు. ఎవరైనా అన్నీ మంచే చెబితే నాకింకా భయమే.

దుకాణంలో చొక్కాను ఎండలోకి తెచ్చాను. జేబు కుట్టు వంకరగా పోయింది. హమ్మయ్య అనుకుని, మావారి కుడివైపుకు నడిచి, "దొరికింది, తీసుకుందాం," అన్నాను.