ఒక డౌటు సార్

పెళ్లయి వాషర్‌మెన్‌పేటకు కాపురానికి వచ్చాక నేను ఇంట్లో కూర్చునే బి.ఏ. చదివాను. ఇంగ్లీషు పుస్తకాలు పోస్టులో వచ్చేవి. అయ్యవారు మాత్రం ఆదివారం మధ్యాహ్నం రేడియోలో వచ్చేవారు. తమిళంలో పాఠం చెప్పి, ఆపైన ఫోన్ చేసినవాళ్ల సందేహాలు తీర్చేవారు.

మా అత్తకు ఆ చదువు మీద నమ్మకం లేదు. "కాలేజీకి గోడల్లేవు, అయ్యవారికి మొకం లేదు. ఏం చదువుమే ఇది?" అనేది. నిజం చెప్పాలంటే నాకూ అనుమానమే. ఫోన్ చేసేవాళ్ల గొంతులన్నీ ఒకేలా ఉండేవి. ప్రశ్న పూర్తికాకముందే జవాబు తయారు. అంతా ముందే రికార్డు చేసి మా చెవుల్లో పువ్వులు పెడుతున్నారనుకునేదాన్ని.

ఓ శనివారం నోరు జారాను. "నాకొక డౌటుండాది అత్తా. రేపు బూత్‌కి పోయి ఫోన్ చేసి అడగాల."

"డౌటా? ఎవురిమీద? నా కొడుకుమీదనా?"

పాఠంలో డౌటని ఎంత మొత్తుకున్నా వినలేదు. పాఠం పేరు చెప్పి పురసవాక్కంలో అంగళ్లు తిరగడానికే ఈ ఎత్తు అని తీర్మానించింది. నా పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో వేసి తాళం పెట్టింది.

"రేపు రేడియోలో నీ గొంతు ఇనపడాల. లేకుంటే ఇవన్నీ పాతపేపర్లోడికే."

పరీక్షలకు నెలరోజులే ఉంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మర్నాడు ఎస్టీడీ బూత్‌లో ఎన్నిసార్లు తిప్పినా ఎంగేజే. పాఠం అయిపోవస్తుండగా లైను కలిసింది. ఆ కంగారులో గడగడా అడిగేశాను.

"ఒక డౌటు సార్. ధర పెరిగితే జనం తక్కువ కొంటారని పుస్తకంలో ఉంది. మా అత్త మాత్రం బియ్యం ధర పెరుగుతోందంటే ఒకటికి రెండు మూటలు దింపిస్తుంది. తప్పు పుస్తకానిదా, మా అత్తదా?"

ఇంట్లో అత్త వింటోందన్న సంగతి అడిగేశాక గుర్తొచ్చింది. అయ్యవారు పకపకా నవ్వారు.

"మీ అత్తగారిది తప్పు కాదమ్మా. ధర ఇంకా పెరుగుతుందని అనుమానమున్నవాళ్లు ముందే కొనిపెట్టుకుంటారు. అదీ మీ పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ చదవలేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. రికార్డు చేసిన గొంతు నన్ను పట్టుకుని చీవాట్లు పెట్టదు కదా. నా అనుమానం అక్కడితో తీరింది.

ఇంటికొచ్చేసరికి అత్త రేడియో ముందే కూర్చునుంది. నా వైపు చూడలేదు.

"మనింటి బియ్యం సంగతి ఊరంతా చాటినావు."

నేను చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఆయన నాది తప్పు కాదన్న్యాడు కదా?"

"అవునత్తా."

లేచి పెట్టె తాళం తీసింది. పుస్తకాలన్నీ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఏడ రాసుండాది? చూపించు."

వెతికి చూపించాను. చదువు రాని మా అత్త ఆ వాక్యం మీద వేలు పెట్టింది.

"ఇదేనా? సరిగ్గా చూసినావా? మళ్లీ చదువు."

నేను చదివి తెలుగులో చెప్పినంతసేపూ ఆ వేలు తియ్యలేదు.