మొసలైన డైమెట్రోడాన్

సంతబొమ్మాళి పోలారావు సిమెంటు బొమ్మలు చేస్తాడు. తాపీ కంటే తన బొటనవేలినే నమ్ముతాడు; ఆ వేలి గోరు ఎప్పుడో అరిగిపోయింది. టెక్కలి దగ్గర కొత్త పార్కుకు పురాతన జంతువొకటి కావాలంటే, డైనోసార్ల కంటే ముందే బతికిన డైమెట్రోడాన్‌ని ఎంచుకున్నాడు. దాని వీపు మీద తెరచాపలా నిటారుగా లేచే పొరకు ఊచలు వంచి సిమెంటు పట్టించడానికే నెల పట్టింది.

పార్కు యజమాని గణపతిరావు వచ్చి చూశాడు.

"ఇదేటి పోలారావూ, సేపా, బల్లా? జనాలకి తెల్దు. ఆ తెరచాప కొట్టీసి మొసలి సేసీ."

"అది తీసీత్తే ఇంకేటి మిగుల్తాది బాబూ?"

"మొసలి మిగుల్తాది."

కూలీలను ముట్టుకోనివ్వకుండా పోలారావే సుత్తి పట్టాడు. మధ్యాహ్నానికి వీపు నున్నబడింది.

ప్రారంభం రోజున ఒకాయన అతని చెయ్యి పట్టుకుని, "అచ్చం మొసలే, ఎంత బాగా సేసినావు" అన్నాడు. పాతికేళ్లలో అతని పనిని ఎదురుగా నిలబడి ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి.