గజాలా అరిచిన మాట

గోల్‌కీపర్ కావాలని ఎవరూ కలలు కనరు. బడిలో హాకీ జట్టు కట్టినప్పుడు పరుగెత్తలేని పిల్లను తెచ్చి గోలు ముందు నిలబెడతారు, అంతే. అలా నిలబెట్టిన పిల్లే గజాలా. తండ్రి లేడు. తల్లి ఫఖ్రున్నీసా అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో రొట్టెలు చేస్తూ, కూతురితో అక్కడే ఉండేది. కోచ్ అచ్యుతరావు గజాలా కాళ్లకు బరువైన ప్యాడ్లు కట్టించి, "ఒళ్లుంది కదా, అడ్డం పెట్టు" అన్నాడు.

ఆ ప్యాడ్లు అంతకుముందు ఎందరి చెమట తాగాయో ఏమో, బస్సులో ఆమె పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. హాస్టల్ డాబా మీద ఆరేస్తే, సాఫ్ట్‌వేర్ కోర్సులకొచ్చిన అమ్మాయిలు ముక్కులు మూసుకుని వార్డెన్‌కి చెప్పారు. తొడలు కమిలి నల్లబడితే తల్లి కొబ్బరినూనె రాస్తూ, ఈ దిక్కుమాలిన ఆట మానెయ్యమని ఉర్దూలో మొత్తుకునేది. గజాలాకు మాత్రం ఆ దెబ్బలంటే పిచ్చి ఇష్టం. బంతి తనకు తగిలిందంటే గోలు కానట్టే. ఇంత సులువైన లెక్క ఆమె బతుకులో మరెక్కడా లేదు.

కాలేజీకొచ్చేసరికి ఆమెను దాటి బంతి పోవడం గగనమైంది. అక్కడా అచ్యుతరావే కోచ్. రాష్ట్ర జట్టులో చోటు దక్కితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుంది, తల్లికి పొయ్యి తప్పుతుంది. ఆమె ఆశంతా అదే.

గోల్‌కీపర్‌కు కాళ్లెంతో నోరూ అంతే. ముందున్న వాళ్లను అరిచి నడిపించాలి. కంగారులో గజాలా నోటికి వచ్చేది ఇంటి ఉర్దూయే. సెలక్షన్లు జరిగే ఏడాది సంహిత అని గుంటూరు వాళ్లమ్మాయి డిఫెన్స్‌లో చేరింది. మొదటి ప్రాక్టీసులోనే గజాలా "ఆగే!" అని అరిస్తే ఆ పిల్ల టక్కున నిలబడిపోయింది. ముందుకు ఉరకమని ఈమె అంటే, ఆగవే అని ఆమెకు వినబడింది. అందరూ పడీపడీ నవ్వారు.

"ఆగే అంటే ముందుకు ఉరుకుమని. జర యాదిపెట్టుకో," అంది గజాలా.

"గుర్తుంటుందిలే తల్లీ," అంది సంహిత.

సెలక్షన్ మ్యాచ్ చివర్లో అవతలి జట్టుకు పెనాల్టీ కార్నర్ దొరికింది. బంతి కదలగానే సంహిత గోలు గీత మీదనుంచి దూసుకెళ్లి, కొట్టే అమ్మాయికి అడ్డం పడాలి. గజాలా గొంతు చించుకుని "ఆగే! ఆగే!" అని అరిచింది. సంహిత నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కొట్టే పిల్లకు తీరిగ్గా గురి చూసుకునే వీలు చిక్కింది. గజాలా ఎంత చాచినా కాలు అందలేదు, బంతి మూలలోకి పోయింది.

"ఎందుకాగావమ్మా?" అని సెలెక్టర్ల ముందే అడిగాడు అచ్యుతరావు.

"ఆగే అంది సార్. ఆగాను."

గజాలా కాదనలేకపోయింది. అన్న మాట నిజమే కదా, కంగారులో ఆ పిల్లకు మళ్లీ తెలుగే వినబడిందేమో అనుకుంది. "నోరు అదుపులో లేని కీపర్ మనకెందుకండీ?" అని ఒక సెలెక్టరు నవ్వాడు. జట్టులో సంహిత పేరు వచ్చింది, గజాలా పేరు రాలేదు. ఆ తర్వాత గ్రౌండులో ఆమె పేరే "ఆగే" అయి కూర్చుంది. ఆ పిలుపు భరించలేక ఆట మానేసింది. తప్పు తన నాలుకదేనని నమ్మింది, పిచ్చిది. తల్లి ఉర్దూలో పలకరించినా తెలుగులోనే బదులిచ్చేది.

ఇప్పుడామె పంజాగుట్టలో ఒక మాల్ గేటు దగ్గర సెక్యూరిటీ. తెర వెనక ఆడవాళ్ల చుట్టూ మెషీన్ తిప్పి, "ముందుకు పోండి మేడం" అంటుంది. ఇదీ ఒక గోలు కాపలాయే అనుకోండి, కాకపోతే అందరినీ లోపలికి పంపాలి.

మొన్న ఆదివారం ఆ తెర వెనక్కి సంహిత వచ్చింది. ఇప్పుడామె కోటాలో వచ్చిన ఆఫీసరు.

"ఏంటి గజాలా, ఇక్కడున్నావా?" అంటూ చేతులు చాపి నిలబడింది.

మెషీన్ తిప్పుతూ గజాలా మెల్లగా అంది. "ఆ దినం నా నోరు జారకుంటే మంచిగుండేది. నా తోటి నీకు సుత మాటొచ్చింది."

సంహిత నవ్వింది. "నువ్వింకా అదే పట్టుకున్నావా? నాకు ఆ రోజే ఆ మాట అర్థమైందే. బంతి మోకాలికి తగుల్తుందని భయమేసింది. సార్ అడిగేసరికి నీ మాట దొరికింది. చిన్నతనం, వదిలెయ్."

గజాలాకు సంహిత చెంప పగలగొట్టాలనిపించింది. హాస్టల్లో ఇంకా పొయ్యి ముందే కూర్చున్న ముసలి తల్లి గుర్తొచ్చింది. వెనక లైన్లో ఎవరో విసుక్కుంటున్నారు. ఆమె మెషీన్ కిందికి దించి, ఎన్నేళ్లకో ఇంటి మాట నోట్లోకి తెచ్చుకుంది.

"ఆగే," అంది.

సంహిత ఒక్క అడుగూ తడబడకుండా ముందుకు నడిచి వెళ్లిపోయింది.