బావ ఇచ్చిన మాత్ర

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా బావ నోరు అంత మంచిది కాదు. అయినా ఆయన సెలూన్‌కి జనం తగ్గలేదు, ఎందుకంటే చెయ్యి మంచిది. ఎంత ముడతల గడ్డమైనా గాటు పడకుండా గీసేవాడు. ఆ చెయ్యి ఇంట్లో మాత్రం కదిలేది కాదు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన మా అక్కకి ఒక్క గ్లాసు మంచినీళ్లు అందించగా నేను చూడలేదు. ఆ కోపం నాకు ఎప్పుడూ ఉండేది.

ఒకరోజు కత్తెర చేతిలో ఉండగానే ఆయనకు గుండెపోటు వచ్చింది. కుర్చీలో ఉన్న మనిషే సగం క్రాపుతో లేచి, బండి పిలిచి ఆస్పత్రిలో చేర్చాడు. బతికి బయటపడ్డాక డాక్టరు రోజుకొక చిన్న ఆస్పిరిన్ మాత్ర రాసిచ్చారు. రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది, సొంతంగా మానొద్దన్నారు. బావకి అది పనిచేసింది. మళ్లీ గుండెలో నొప్పన్న మాట లేదు.

ఇంకేముంది, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తయారయ్యాడు. గడ్డానికొచ్చిన ప్రతివాడికీ ఆ మాత్ర గొప్పలే. "చీటీ కూడా అక్కర్లేదు, ఏ మందుల షాపులోనైనా ఇస్తారు. మీరూ వేసుకోండి" అనేవాడు. గొంతు మీద కత్తి ఉండగా కాదనేదెవరు?

ఇంట్లో అక్కకీ మొదలుపెట్టాడు. పొద్దున్నే తనొకటి వేసుకుని, ఆమెకొకటి తీసి, గ్లాసుతో నీళ్లు తెచ్చి మరీ ఇచ్చేవాడు. అక్క గుండె గట్టిదే. పాడైంది కడుపు, అందులో పాత పుండు. పైగా మోకాళ్ల నొప్పులకి బిళ్లలు మింగేది. ఆ సంగతి షాపువాడు అడగలేదు, బావకి తట్టలేదు.

కొన్నాళ్లకి అక్క పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. విరేచనం తారులా నల్లగా అవుతోందని నాకు చాలా ఆలస్యంగా చెప్పింది. ఆస్పత్రికి పద అంటే రేపు చూద్దాంలే అంది. మర్నాడు వంటింట్లో రక్తం కక్కుకుని పడిపోయింది.

"మీకు గుండెపోటు వచ్చింది కాబట్టి మీకది అవసరం," అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ బావతో. "ఆవిడకి గుండెజబ్బు లేదు, కడుపులో పుండుంది. నొప్పి బిళ్లలకి ఇది కూడా తోడైతే రక్తం కారదా? ఎవర్నడిగి ఇచ్చారు?"

బావ గుమ్మం దాకా వెనక్కి జరిగాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అక్క మంచం మీదికి వంగి, "కడుపు మండుతుంటే వద్దని చెప్పొచ్చు కదక్కా," అన్నాను.

"మొదటి వారమే మండిందిరా," అంది. "రోజూ ఆయనే నీళ్లు తెచ్చి, మింగేదాకా నా పక్కన నిలబడేవారు. మాత్ర వద్దంటే అదీ మానేస్తారనిపించింది."

బావ గుమ్మంలోనే ఉన్నాడు. విన్నాడు.

ఆ సాయంత్రమే అక్క పోయింది. తర్వాత బావ మాత్ర మానేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన బతకాలి. అక్క అన్న మాట తలుచుకుంటూ చాలా ఏళ్లు బతకాలి.