షట్టరు దించిన మధ్యాహ్నం

మొన్న సూర్యాపేటలో మా అబ్బాయి ఇంటి పక్కన కడుతున్న కొత్త ఇంట్లో రంగులు వేసేవాళ్ళు, ఇంకా కరెంటు రాలేదని, రంగు చిమ్మడానికి పెట్రోలు ఇంజనుతో నడిచే గాలి మిషన్ తెచ్చి హాలు మధ్యలో పెట్టి నడిపిస్తున్నారు. ఆ చప్పుడు చెవిన పడగానే చేతిలోని చాట కింద పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళాను.

"బాబూ, ఇంజన్ బయట పెట్టి పైపు ఒక్కటే లోపలికి తీస్కో," అన్నాను.

"ఏం కాదమ్మా, కిటికీలు తెరిచే ఉన్నయ్ గద."

"కిటికీలు సాలవు బిడ్డా. జర నా మాట ఇను."

నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, ఇద్దరూ కలిసి దాన్ని వాకిట్లోకి మోసుకుపోయారు. ఇంజను చప్పుడు బయటినుంచే వస్తోందని నిలబడి విన్నాకే ఇంటికొచ్చాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రెండు లారీలు ఎదురుపడితే ఒకటి మట్టిలోకి దిగాల్సినంత ఇరుకుగా ఉండేది అప్పటి విజయవాడ రోడ్డు. కోదాడకు ఇవతల ఆ రోడ్డు పక్కనే మాకు రేకుల షెడ్డులో పంచరు దుకాణం ఉండేది, దాని వెనకే ఇల్లు. మా ఆయన, మా మరిది కలిసి నడిపేవారు. కరెంటును నమ్ముకుంటే లారీలవాళ్ళు ఆగరని పెట్రోలు ఇంజనున్న గాలి మిషన్ కొన్నారు. అది దిగిన రోజు మా అత్తగారు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది.

మా ఆయనకు ఆ మిషన్ మీద ప్రేమ ఎంతో భయమూ అంతే. ఎక్కడో గాలి ట్యాంకు పేలి మనిషి పోయాడని విన్నాడు, అప్పటినుంచి పొద్దున్నే ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు వదలనిదే, ఎక్కువైన గాలిని బయటికి పంపే వాల్వు రింగు లాగి చూడనిదే ఇంజను మొదలుపెట్టేవాడు కాదు. ఇంజను వేడి మీద ఉండగా పెట్రోలు పోయనిచ్చేవాడు కాదు. తిరిగే బెల్టు దగ్గరికి లుంగీతో వచ్చినందుకు మరిదిని ఎన్నిసార్లు కసిరాడో. మరిది నవ్వి ఊరుకునేవాడు. అతడు ఎవరిమీదా కోపం పెట్టుకోగా నేను చూడలేదు. ఆగిన లారీ డ్రైవరు అలిసిపోయి కనిపిస్తే మా ఇంట్లోంచే చాయ్ పట్టుకుపోయేవాడు. పెళ్ళై ఏడాది తిరగలేదు. మాడుగులపల్లి నుంచి వచ్చిన మా తోటికోడలు ఇంకా మా ముందు భర్త పేరెత్తడానికి సిగ్గుపడుతున్న రోజులవి.

ఆ మధ్యాహ్నం మా ఆయన ట్యూబుల కోసం హుజూర్‌నగర్ వెళ్ళాడు. మరిది ఒక లారీ టైరు విప్పి పని మొదలుపెట్టాడో లేదో, గాలిదుమారంతో వాన విరుచుకుపడింది, కరెంటు పోయింది. జల్లు కొట్టి ఇంజను తడుస్తున్నదని మరిది మిషన్‌ను లోపలికి లాగి, షట్టరు పూర్తిగా దించి, లాంతరు వెలిగించుకుని పనిలో కూర్చున్నాడు. డ్రైవరు క్యాబిన్‌లో ఉండిపోయాడు. వాన కాస్త తగ్గాక తోటికోడలూ నేనూ అన్నం గిన్నె పట్టుకుని వెళితే, డ్రైవరు షట్టరు మీద చేత్తో బాదుతున్నాడు. లోపల ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది.

ముగ్గురం కలిసి షట్టరు పైకి లేపాము. వేడి పొగ మొహాన కొట్టింది. మరిది టైరుకు ఒరిగి నిద్రపోతున్నట్టే ఉన్నాడు; మొహం పాలిపోలేదు, ఎండలోంచి వచ్చినవాడిలా ఎర్రగా ఉంది. అందుకే మేం ఆశపడ్డాం. అదే లారీలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. దారి పొడుగునా తోటికోడలు అతని చెంపలు తడుతూ, మొదటిసారి నా ముందే అతన్ని పేరు పెట్టి పిలిచింది.

ఇంజను పొగలో రంగూ వాసనా లేని విషం ఒకటి ఉంటుందని, మూసిన గదిలో తలనొప్పి, మత్తు వచ్చి, లేవాలనుకునేలోపే మనిషిని పడేస్తుందని డాక్టరు చెప్పాడు. పరుగున వచ్చిన మా ఆయన గోడకు ఆనుకుని కూలబడి, "ట్యాంకు పేల్తదనే భయపడ్డ గదనే, పొగ సంగతి నాకెవ్వలు చెప్పలే," అన్నాడు.

దినాలు అయ్యాక ఆ మిషన్ అమ్మేయాలనుకున్నాడు. పుట్టింటికి వెళ్ళిన తోటికోడలు ఆ మాట విని తిరిగొచ్చి, తలమీద కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మకు బావా. కొన్నోళ్ళు గూడ గట్లనే లోపల పెట్టుకుంటే? నాకు నేర్పు. నేను నడుపుత."

మా ఆయన గోడలు లేకుండా నాలుగు కర్రల మీద పందిరి వేసి, పొగ గొట్టం ఖాళీ చేను వైపు తిప్పి, మిషన్‌ను అక్కడ పెట్టాడు. ఆమె నేర్చుకుంది. మొదట్లో ఇంజను తాడు లాగినప్పుడల్లా ఏడ్చేది. ఏడుస్తూనే గాలి పట్టేది. ఇక మా ఆయన పని లేని పూట మోపెడ్ మీద గరిడేపల్లి, మిర్యాలగూడ దాకా తిరిగి ప్రతి పంచరు దుకాణం ముందూ ఆగి, ఇంజను లోపల పెట్టొద్దని చెప్పేవాడు. కొందరు విన్నారు, కొందరు తమ్ముడు పోయి మతి చెడిందన్నారు. నవ్వినవాళ్ళ దగ్గరికి ఇంకోసారి వెళ్ళేవాడు.

రోడ్డు వెడల్పులో దుకాణం పోయింది. తోటికోడలు మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. మిర్యాలగూడలో తన తమ్ముడి దగ్గర ఉండి, మొన్న చలికాలంలో కన్నుమూసింది. మా ఆయన అంతకుముందే పోయాడు. చివరిదాకా ఆయనకొక అలవాటుండేది, వాన మొదలవగానే అందరూ తలుపులు వేసుకుంటుంటే ఆయన మాత్రం లేచి ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరిచేవాడు. జల్లు కొట్టి పక్కబట్టలు తడిసినా నేనెప్పుడూ వద్దనలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద బండ్లు ఎక్కడా ఆగవు, గాలి కావాలంటే పెట్రోలు బంకులో మీట నొక్కితే చాలు. మా అబ్బాయి ఇంటికి అద్దాల కిటికీలు, ఏసీ కోసం ఎప్పుడూ మూసే ఉంటాయి. వాన చప్పుడు కూడా లోపలికి రాదు. తెల్లారి తడిసిన వాకిలి చూసి, రాత్రి వాన పడిందని తెలుసుకుంటున్నాను.