బోర్లించిన సంగటి కుండ

మొన్న పెనుకొండ దగ్గర గుట్ట కింద వేల ఏళ్లనాటి ఊరొకటి బయటపడిందని విని, హిందూపురంలో బస్సెక్కి చూడటానికి పోయాను. ఈ వయసులో ఆ గుంతల గట్ల మీద తిరగడం ఎందుకని ఇంట్లోవాళ్లు గొణిగారుగానీ, పాతవాటి మీద పాతవాళ్లకు గాక ఇంకెవరికి మనసవుతుంది చెప్పండి. తవ్వకాలు చేయించే అమ్మాయి, మా మనవరాలి ఈడుది, ఓపికగా అంతా చూపించింది. అక్కడ ఇంటింటికీ పొయ్యిలు లేవట, అందరికీ కలిపి ఒకటే పెద్ద పొయ్యి, దాని చుట్టూ కూర్చుని తినేవాళ్లట.

ఆ మాట వినగానే రొద్దం దగ్గరి మా ఊళ్లో, నాయనా చిన్నాయనా కలిసి ఉన్ననాటి వంటిల్లు కళ్లముందు నిలిచింది. అవ్వ పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతుంటే ఇల్లంతా రాగుల వాసన. పెద్దవాళ్లకు ముద్దలు వేశాక, పిల్లలందరికీ కలిపి ఒకే ఇత్తడి తట్టలో పెద్ద ముద్ద పెట్టి నడుమ గుంత చేసి నెయ్యి పోసేది, మేము ఎవరి వైపు నుంచి వాళ్లం ఊరుబిండి పచ్చడి అద్దుకుని తింటూ వచ్చి, ఆ నేతి గుంత దగ్గర కొట్లాడుకునేవాళ్లం. మీలో చాలామందికి ఆ కొట్లాట రుచి తెలిసే ఉంటుంది.

బావి నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగి అన్నదమ్ములు వేరుపడ్డారు. వేరుపడే రోజున ఉమ్మడి కుండలో ఆఖరిసారి వండుకుని అందరూ తినడం మా వంశంలో ఆచారం. అలాగే తిన్నారు. ఆ కుండను పగలగొట్టకూడదు, ఎవరూ తీసుకుపోకూడదు. అవ్వ దాన్ని కడిగి, పొయ్యి కిందే గుంత తీయించి, బోర్లించి పూడ్చింది.

"మల్లా ఒకటైన దినం తీసుకోండప్పా, అంతదాకా ఎవురూ ముట్టొద్దండి" అని మాత్రం అంది.

తర్వాత వంటింటి నడుమ గోడ లేచింది, పొయ్యి చిన్నాయన వైపు పడింది. అవ్వ ఒక పూట ఇటూ ఒక పూట అటూ తింటూ, పోయేదాకా ఎక్కడా కడుపునిండా తినలేదు.

నాయన పోయాడు, చిన్నాయనా పోయాడు. మా తరంలోనైనా ఆ కుండ పైకి రావాలని నాకు పిచ్చి ఆశ. పోయినేడు చిన్నాయన కొడుకు దగ్గరికి పోయి, కుండ తీద్దాం, ఒక్కపూట అందరం దాంట్లో వండుకుని తిందాం అని అడిగాను. "యాడ తవ్వేదన్నా, టైల్స్ ఏసేసినాం గదా. తినేదానికైతే హోటలుకు పోదాం లే" అన్నాడు, నవ్వుతూనే. కోపంతో అని ఉంటే బాగుండేది, కోపమైతే ఏనాటికైనా తగ్గుతుంది.

మొన్న ఆ తవ్వకాల దగ్గర నుంచి నేను బయలుదేరబోతుంటే ఆ అమ్మాయి, పెద్ద పొయ్యి కింద దొరికిందని ఇంకొకటి చూపించింది. కుండ. ఎక్కడా బీట లేదు, బోర్లించి ఉంది. ఇంత మంచి కుండను ఎందుకు పూడ్చారో అర్థం కావడం లేదనీ, దేవుడి కోసమేమో అనీ అంది. హిందూపురం చేరేదాకా బస్సులో ఒకటే ఆలోచన: వేల ఏళ్లుగా అది అలాగే ఉందంటే, వాళ్లు కూడా మళ్లీ ఒకటి కాలేదన్నమాట.